38 సరైనదా, 32 సరైనదా? జీవశాస్త్ర ప్రవేశ పరీక్షల్లో అంకెల వెనుక లెక్క

సంక్షిప్తంగా: ఒక గ్లూకోజ్ అణువు నుంచి వచ్చే ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) ఒక పుస్తకంలో 38, ఇంకో పుస్తకంలో 36, మరోచోట 32 లేదా 30. వీటిలో ఏదీ అచ్చుతప్పు కాదు. ఒక్కో అంకె వెనుక ఒక్కో షరతు ఉంది. క్రోమోజోమ్‌ల సంఖ్య, అంకురచ్ఛదం (గింజలో పిండానికి ఆహారమిచ్చే కణజాలం) స్థితి, జన్యు నిష్పత్తులు, గుండె, మూత్రపిండాల లెక్కలు కూడా ఇలాంటివే. నీట్, ఈఏపీసెట్ ప్రశ్నలు అంకెను అడుగుతున్నట్టు కనిపించినా అవి పరీక్షించేది ఆ షరతునే.

నీట్‌లో మొత్తం 720 మార్కులుంటే అందులో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. 2025 నుంచి అమల్లో ఉన్న నమూనాలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. వృక్షశాస్త్రం 45, జంతుశాస్త్రం 45. ఉభయ తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లో వ్యవసాయ, ఫార్మసీ విభాగానికి 160 ప్రశ్నలు, వాటిలో వృక్ష, జంతుశాస్త్రాలకు చెరి 40. ఎటు చూసినా బైపీసీ అభ్యర్థి ర్యాంకును నిలబెట్టేది ఈ సబ్జెక్టే. దీన్ని బట్టీ పట్టే సబ్జెక్టుగా చూడటం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. పేర్లు, వర్గీకరణ, వ్యాధులు, హార్మోన్ల వరకు ఆ పద్ధతి కొంత పనిచేస్తుంది. అంకె వచ్చిన చోట మాత్రం అదే అలవాటు దెబ్బతీస్తుంది.

పుస్తకాల మధ్య తేడా ఎంత దూరం వెళ్లగలదో 2024లో అందరూ చూశారు. నీట్‌లో ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్తదాని ప్రకారం మరో జవాబు వచ్చాయి. మొదట రెండింటికీ మార్కులు ఇచ్చారు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్క జవాబే సరైనదని తేల్చాక ఫలితాలను సవరించారు. జీవశాస్త్రంలో ఇలాంటి తకరారుకు అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న అధ్యాయం శ్వాసక్రియ.

## ఒకే గ్లూకోజ్, నాలుగు మొత్తాలు

వివాదం లేని భాగం ముందు చూద్దాం. గ్లైకాలసిస్‌లో 2 ఏటీపీ ఖర్చవుతాయి, 4 తయారవుతాయి, నికరంగా 2 మిగులుతాయి. అక్కడే ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీహెచ్ అణువులు 2 వస్తాయి. రెండు పైరువిక్ ఆమ్ల అణువులు అసిటైల్ కోఎంజైమ్-ఏ గా మారేటప్పుడు ఇంకో 2 ఎన్‌ఏడీహెచ్. క్రెబ్స్ వలయం ఒక గ్లూకోజ్‌కు రెండుసార్లు తిరుగుతుంది కాబట్టి 6 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2, 2 జీటీపీ. జీటీపీని ఏటీపీతో సమానంగా లెక్కిస్తారు. మొత్తం కూడితే 10 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2, నేరుగా తయారైన ఏటీపీ 4. ఏ పుస్తకం తెరిచినా ఈ మూడు సంఖ్యలు మారవు. తేడా వచ్చేది వీటిని ఏటీపీలుగా మార్చే రేటు దగ్గర.

పాత రేటు ప్రకారం ఒక ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఒక ఎఫ్‌ఏడీహెచ్2కు 2. అప్పుడు 30, 4, 4 కలిపి 38. కొత్త రేటు 2.5, 1.5. అప్పుడు 25, 3, 4 కలిపి 32.

రేటు ఎందుకు మారింది? ఏటీపీ తయారీకి మూలం మైటోకాండ్రియా అంతర త్వచానికి రెండు వైపులా ఏర్పడే ప్రోటాన్ల గాఢతా భేదమని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించాడు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ వివరణలో ఎలక్ట్రాన్ల రవాణాకూ ఏటీపీకీ మధ్య నేరుగా "ఒకటికి మూడు" అనే బంధం లేదు, మధ్యలో ప్రోటాన్లు ఉన్నాయి. ఒక ఎన్‌ఏడీహెచ్ నుంచి వచ్చే రెండు ఎలక్ట్రాన్లు ప్రయాణించేటప్పుడు త్వచంలోని ప్రోటీన్ సంక్లిష్టాల్లో మొదటిది 4, మూడోది 4, నాలుగోది 2 ప్రోటాన్లను బయటకు నెడతాయి. మొత్తం 10. ఎఫ్‌ఏడీహెచ్2 ఎలక్ట్రాన్లు రెండో సంక్లిష్టం గుండా లోపలికి వస్తాయి కాబట్టి మొదటి సంక్లిష్టం నెట్టే 4 ప్రోటాన్లు లెక్కలోకి రావు, 6 మాత్రమే మిగులుతాయి. ఒక ఏటీపీ తయారై కణద్రవ్యంలోకి చేరడానికి సుమారు 4 ప్రోటాన్లు తిరిగి లోపలికి రావాలి. అందులో 3 ఏటీపీ సింథేజ్‌ను తిప్పడానికి, 1 ఫాస్ఫేట్‌ను లోపలికి తేవడం వంటి రవాణా పనులకు. 10ని 4తో భాగిస్తే 2.5, 6ని 4తో భాగిస్తే 1.5. కొత్త రేటు ఇలా పుట్టింది. పాత 3, 2 లు పూర్ణాంకాలే రావాలన్న ఊహ మీద ఆధారపడ్డ అంచనాలు.

ఇక 36, 30 ఎక్కడివి? గ్లైకాలసిస్ కణద్రవ్యంలో జరుగుతుంది. అక్కడ పుట్టిన 2 ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియా అంతర త్వచాన్ని దాటలేవు, వాటి ఎలక్ట్రాన్లను మరో అణువు మోసుకెళ్లాలి. ఈ మోతకు రెండు మార్గాలున్నాయి. కాలేయం, మూత్రపిండం, గుండె కణాల్లో ప్రధానంగా మాలేట్-ఆస్పార్టేట్ మార్గం ఉంటుంది. లోపలికి వెళ్లాక ఎలక్ట్రాన్లు మళ్లీ ఎన్‌ఏడీహెచ్‌గానే దొరుకుతాయి కాబట్టి నష్టం లేదు. అస్థి కండరాల్లో, మెదడులో గ్లిసరాల్ ఫాస్ఫేట్ మార్గం ముఖ్యం. అక్కడ అవి ఎఫ్‌ఏడీహెచ్2 స్థాయిలో అందుతాయి, అంటే ఒక్కోదానికి 1 ఏటీపీ తక్కువ. రెండు అణువులకు కలిపి 2 తగ్గుతాయి. పాత రేటులో 38 కాస్తా 36 అవుతుంది, కొత్త రేటులో 32 కాస్తా 30 అవుతుంది. బ్యాక్టీరియాకు మైటోకాండ్రియానే లేదు కాబట్టి ఈ మోత ఖర్చు కూడా లేదు.

పరీక్ష విషయానికొస్తే, ఎన్‌సీఈఆర్‌టీ 38 అంటూనే కొన్ని ఊహలను స్పష్టంగా రాసింది. చర్యలన్నీ ఒకదాని వెంట ఒకటి క్రమంగా సాగాలి. గ్లైకాలసిస్‌లో వచ్చిన ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియాలోకి చేరాలి. మధ్యస్థ పదార్థాలు వేరే పదార్థాల తయారీకి మళ్లకూడదు. గ్లూకోజ్ తప్ప మరేదీ శ్వాసక్రియలో వాడకూడదు. బతికున్న కణంలో ఇవన్నీ ఒకేసారి నిజం కావని కూడా అదే పుస్తకం చెబుతుంది. 38 కంటే ఈ ఊహల మీద "కింది వాటిలో సరికానిది ఏది" అని అడగడం ప్రశ్న తయారుచేసేవారికి తేలిక, అభ్యర్థికి ప్రమాదం.

ఇదే అధ్యాయంలో చిన్న తేడాతో జవాబు మారే చోట్లు ఇంకా ఉన్నాయి. గ్లైకాలసిస్‌లో తయారైన ఏటీపీ ఎన్ని అంటే 4, నికర లాభం ఎంత అంటే 2. క్రెబ్స్ వలయం ఒక్కసారి తిరిగితే పాత రేటులో 12, గ్లూకోజ్ లెక్కన 24. వలయంలో విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ ఒక గ్లూకోజ్‌కు 4, మిగిలిన 2 అంతకుముందు పైరువిక్ ఆమ్లం దగ్గరే వెళ్లిపోయాయి. కిణ్వనంలో నికరంగా 2 ఏటీపీలే, గ్లైకాలసిస్‌లో వచ్చిన ఎన్‌ఏడీహెచ్ రెండూ పైరువిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గానో లాక్టిక్ ఆమ్లంగానో మార్చడానికే ఖర్చయిపోతాయి. కండరంలోని గ్లైకోజెన్ నుంచి మొదలైతే మొదటి ఫాస్ఫారిలేషన్‌కు ఏటీపీ అక్కర్లేదు, అందుకే గ్లైకాలసిస్ నికర లాభం 2 బదులు 3. సయనైడ్ నాలుగో సంక్లిష్టాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆక్సిజన్ వాడకమే ఆగిపోతుంది. డైనైట్రోఫినాల్ అలా కాదు, ప్రోటాన్లను అడ్డదారిలో లోపలికి పంపుతుంది. అప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతూనే ఉంటుంది, ఏటీపీ మాత్రం రాదు, శక్తి వేడిగా పోతుంది. 10, 6, 4 ప్రోటాన్ల లెక్క అర్థమైనవారికి ఈ చివరి రెండూ విడిగా గుర్తుంచుకోవాల్సినవి కావు.

## క్రోమోజోమ్‌ల సంఖ్య వేరు, డీఎన్‌ఏ మొత్తం వేరు

కణవిభజన ప్రశ్నల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఒకే గందరగోళం వల్ల పోతాయి. ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కదా, మరి క్రోమోజోమ్‌లు కూడా రెట్టింపు కావాలి కదా అన్నది అది. కావు. క్రోమోజోమ్‌లను లెక్కపెట్టేది సెంట్రోమియర్‌ను బట్టి. ఒక సెంట్రోమియర్ ఉంటే ఒక క్రోమోజోమ్, దానికి ఒక క్రోమాటిడ్ ఉన్నా రెండున్నా సరే. ఎస్ దశలో ప్రతి క్రోమోజోమ్‌కు రెండో క్రోమాటిడ్ వస్తుంది, సెంట్రోమియర్ దగ్గర అవి కలిసే ఉంటాయి.

ఉల్లి వేరు కొనను తీసుకుంటే అందులో ఒక్కో కణానికి 16 క్రోమోజోమ్‌లు. జీ1 లో 16, డీఎన్‌ఏ 2సీ (సీ అంటే ఒక సంయోగబీజంలో ఉండే డీఎన్‌ఏ మొత్తం). ఎస్ తర్వాత కూడా 16, డీఎన్‌ఏ మాత్రం 4సీ. జీ2 లోనూ అంతే. సమవిభజన మధ్యస్థ దశలో 16 క్రోమోజోమ్‌లు, 32 క్రోమాటిడ్లు. చలన దశలో సెంట్రోమియర్లు చీలతాయి, ఆ కొద్దిసేపు కణంలో 32 క్రోమోజోమ్‌లుంటాయి. విభజన ముగిశాక ఒక్కో పిల్ల కణంలో 16, డీఎన్‌ఏ 2సీ.

క్షయకరణ విభజనలో మొదటి చలన దశ దీనికి భిన్నం. అక్కడ సెంట్రోమియర్లు చీలవు, జతలోని సమజాత క్రోమోజోమ్‌లు విడిపోతాయి. మనిషి కణంలో ఆ దశలో మొత్తం 46 క్రోమోజోమ్‌లే, ఒక్కో ధ్రువానికి 23, ప్రతిదానికీ ఇంకా రెండు క్రోమాటిడ్లు. మొదటి విభజన ముగిసేసరికి సంఖ్య సగమైంది, డీఎన్‌ఏ మాత్రం ఇంకా 2సీ. రెండో విభజన చలన దశలో సెంట్రోమియర్లు చీలి ఒక్కో కణంలో తాత్కాలికంగా 46 అవుతాయి. చివరి నాలుగు కణాల్లో 23 చొప్పున, 1సీ. మొదటి విభజనను క్షయకరణం అనీ, రెండోదాన్ని సమవిభజనతో పోల్చదగినదనీ అనడానికి కారణం ఇదే.

ఈ తేడా లోపాల దగ్గర ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. ఒక జత మొదటి విభజనలో విడిపోకపోతే నాలుగు సంయోగబీజాలూ చెడిపోతాయి. రెండింటిలో ఒకటి ఎక్కువ, రెండింటిలో ఒకటి తక్కువ. అదే లోపం రెండో విభజనలో ఒక కణంలో జరిగితే రెండు మామూలుగానే ఉంటాయి, ఒకదానిలో ఒకటి ఎక్కువ, మరోదానిలో ఒకటి తక్కువ. 21వ క్రోమోజోమ్ అదనంగా వచ్చే డౌన్ సిండ్రోమ్ (47), ఒక ఎక్స్ లేని టర్నర్ సిండ్రోమ్ (45), ఎక్స్‌ఎక్స్‌వై ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (47) ఈ విఫలతల ఫలితాలే. "నాలుగింటిలో ఎన్ని సాధారణం" అన్న ప్రశ్నకు ఏ విభజనలో తప్పు జరిగిందో తెలియకుండా జవాబు లేదు.

మరో పాత ప్రశ్న: ఒక కణం నుంచి 128 కణాలు రావడానికి ఎన్ని సమవిభజనలు? 7 అని గుర్తించేవారు తక్కువేమీ కాదు. 7 అన్నది తరాల సంఖ్య. విభజనల సంఖ్య 127, ఎందుకంటే ప్రతి విభజన కణాల సంఖ్యను ఒక్కటే పెంచుతుంది.

## బియ్యపు గింజలో మూడు రకాల లెక్కలు

వరిలో ద్వయస్థితిక సంఖ్య, అంటే మామూలు కణంలో రెండు సమితుల క్రోమోజోమ్‌లు కలిపి, 24. ఆకు, వేరు, అండాంతః కణజాలం, స్థూలసిద్ధబీజ మాతృకణం అన్నీ 24. పుప్పొడి రేణువు, స్త్రీబీజకణం, సహాయకణాలు, ప్రతిపాదకణాలు 12. మనం తినే బియ్యంలో అధిక భాగమైన అంకురచ్ఛదం 36, గింజ మూలన ఉండే పిండం 24. రెండు ధ్రువ కేంద్రకాలతో ఒక పురుష బీజం కలవడమే ఆ 12 అదనానికి కారణం. కొబ్బరిలోనూ ఇదే సూత్రం. లేత బొండంలోని నీళ్లు స్వేచ్ఛా కేంద్రకాలున్న అంకురచ్ఛదం, తెల్ల కొబ్బరి కణాలుగా ఏర్పడిన అంకురచ్ఛదం. కొబ్బరి ద్వయస్థితిక సంఖ్య 32 కాబట్టి ఆ కేంద్రకాల్లో 48. వివృతబీజాల్లో ఈ లెక్క చెల్లదు. వాటి అంకురచ్ఛదం ఫలదీకరణకు ముందే ఏర్పడే స్త్రీ సంయోగబీజద కణజాలం, అది ఏకస్థితికం.

స్త్రీ, పురుష మొక్కల స్థితి వేరైతే అంకురచ్ఛదం లెక్కలో తల్లి వాటా రెండుసార్లు వస్తుందన్న సంగతి పట్టించుకోవాలి. గింజలేని పుచ్చకాయ దీనికి చక్కని ఉదాహరణ. పుచ్చ ద్వయస్థితిక సంఖ్య 22. కొల్చిసిన్‌తో చతుస్థితికం చేసిన మొక్కలో 44. దాన్ని తల్లిగా, మామూలు మొక్కను తండ్రిగా పెడితే పిండంలో 22, 11 కలిపి 33. అంకురచ్ఛదంలో 22, 22, 11 కలిపి 55. తల్లిదండ్రులను అటూఇటూ మారిస్తే పిండం మళ్లీ 33, అంకురచ్ఛదం మాత్రం 11, 11, 22 కలిపి 44. పిండం అంకె ఒకటే కావడంతో రెండు సంకరణాలూ ఒకటేననుకునే అభ్యర్థి ఇక్కడ జారతాడు. 33 ఉన్న మొక్కలో క్రోమోజోమ్‌లు సరిగా జతకట్టలేవు. క్షయకరణ విభజన దెబ్బతిని సంయోగబీజాలు పనికిరాకుండా పోతాయి, కాయలో గట్టి గింజలు ఏర్పడవు.

వంద గింజలు రావడానికి ఎన్ని క్షయకరణ విభజనలు కావాలన్న లెక్కకూ పూవు లోపలి తేడాయే ఆధారం. పురుష వైపు ఒక మాతృకణం నుంచి నాలుగు పుప్పొడి రేణువులూ పనికొస్తాయి, కాబట్టి 25 విభజనలు చాలు. స్త్రీ వైపు నాలుగు స్థూల సిద్ధబీజాల్లో సాధారణంగా మూడు నశిస్తాయి, కాబట్టి 100 కావాలి. మొత్తం 125. పుప్పొడి రేణువుల గురించే అడిగితే జవాబు 25 దగ్గరే ఆగుతుంది.

## జన్యుశాస్త్రంలో హారం ఏది?

జన్యు నిష్పత్తుల్లో లవం దాదాపు అందరికీ వస్తుంది. చిక్కంతా హారంతోనే. హీమోఫిలియా వాహకురాలైన తల్లి, ఆరోగ్యవంతుడైన తండ్రి అనుకుందాం. పుట్టబోయే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పుట్టేది కొడుకైతే ఆ అవకాశం సగం. కూతురైతే వ్యాధి రాదు, వాహకురాలయ్యే అవకాశం సగం. మూడు జవాబులూ ఒకే సంకరణం నుంచి వచ్చినవి. "పిల్లల్లో", "కొడుకుల్లో", "కూతుళ్లలో" అన్నవాటిలో ప్రశ్న దేన్ని ఎంచుకుందో చూడకుండా గీసిన పన్నెట్ చతురస్రం వృథా.

కొడవలి కణ రక్తహీనతలో హారం మరోలా మారుతుంది. బీటా గ్లోబిన్ గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడం దీనికి మూలం. సంకేతం జీఏజీ కాస్తా జీయూజీ అవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఇది కనిపిస్తుంది. 2047 నాటికి దీన్ని రూపుమాపాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది కాబట్టి వార్తల్లోనూ ఉంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే బిడ్డ వాహకుడయ్యే అవకాశం సగం. కానీ "వ్యాధి లేని బిడ్డ వాహకుడయ్యే అవకాశం" అని అడిగితే జవాబు మూడింట రెండు. వ్యాధి లేదని ముందే తెలిసింది కాబట్టి నాలుగు గడుల్లో ఒకటి తీసేయాలి, మిగిలిన మూడింటిలో రెండు వాహకుల గడులు. ఎంపికల్లో సగం, మూడింట రెండు రెండూ పక్కపక్కనే ఉంటాయి.

రక్త వర్గాల్లో మూడు యుగ్మవికల్పాలకు 6 జన్యురూపాలు, 4 దృశ్యరూపాలు. ఏఓ, బీఓ జన్యురూపాలున్న దంపతులకు నాలుగు వర్గాల పిల్లలూ పుట్టవచ్చు. ఏబీ, ఓ వర్గాల దంపతులకు మాత్రం ఆ రెండు వర్గాల పిల్లలు పుట్టరు, ఏ లేదా బీ వర్గం వారే పుడతారు. ఈ నియమాలకు అపవాదంగా 1952లో బొంబాయిలో గుర్తించిన బాంబే వర్గం ఉంది. హెచ్ యాంటిజెన్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ లోపించినవారిలో, ఏ లేదా బీ జన్యువు ఉన్నా దానికి పునాది పదార్థమే దొరకదు. మామూలు పరీక్షలో ఓ వర్గంగా కనిపిస్తారు. అయితే వారి రక్తంలో హెచ్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలుంటాయి, ఓ వర్గం రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. "ఓ వర్గం" తండ్రికీ ఓ వర్గం తల్లికీ ఏ వర్గం బిడ్డ పుట్టడం ఇలా సాధ్యమవుతుంది. ఒక జన్యువు మరో జన్యువు వ్యక్తీకరణను ఆపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

9:3:3:1 కూడా షరతు ఉన్న నిష్పత్తే. రెండు జన్యువులు స్వతంత్రంగా విడిపోతేనే అది వస్తుంది. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉంటే రాదు. మోర్గాన్ ఈగల ప్రయోగంలో పసుపు శరీరం, తెల్ల కన్ను జన్యువుల మధ్య పునఃసంయోజనాలు 1.3 శాతమే, తెల్ల కన్ను, చిన్న రెక్క జన్యువుల మధ్య 37.2 శాతం. దూరం పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది, 50 దాటదు. 50 దగ్గర ఆ రెండు జన్యువులు స్వతంత్రంగా ఉన్నట్టే కనిపిస్తాయి.

జనాభా లెక్కలో హార్డీ-వీన్‌బర్గ్ సూత్రం ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే సగం మంది తడబడతారు. అంతర్గత వ్యాధి (జన్యువు రెండు ప్రతులూ లోపిస్తేనే వచ్చేది) పదివేలలో ఒకరికి ఉందంటే అది లోపమున్న జన్యువు వాటా అయిన క్యూ కాదు, దాని వర్గం (క్యూ×క్యూ). వర్గమూలం తీస్తే క్యూ 0.01, మామూలు జన్యువు వాటా పీ 0.99. వాహకులు 2పీక్యూ, అంటే 0.0198. దాదాపు యాభై మందిలో ఒకరు. రోగి ఒక్కడుంటే వాహకులు దాదాపు రెండొందల మంది అన్నమాట. జబ్బుపడ్డవారిని మాత్రమే చూసి ఆ జన్యువు జనాభాలో లేదనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్క చెబుతుంది. యాదృచ్ఛిక సంపర్కం, పెద్ద జనాభా, ఉత్పరివర్తనం, వలస, వరణం లేకపోవడం అన్నవి దీని షరతులు. మేనరికాలు ఎక్కువగా జరిగే సమాజంలో మొదటి షరతు నిలవదు, సూత్రం చూపినదానికంటే సమయుగ్మజాలు ఎక్కువగా వస్తాయి.

## గుణించి చూసుకోదగినవి

శరీరధర్మ శాస్త్రంలో చాలా అంకెలు ఒకదాన్నుంచి మరొకటి వస్తాయి. నిమిషానికి 72 స్పందనలు, ఒక్కోసారి 70 మిల్లీలీటర్లు, కాబట్టి హృదయ ఉత్పాదన 5040 మిల్లీలీటర్లు. ఒక హృదయ చక్రం 0.8 సెకన్లు అంటారు. నిజానికి 60ని 72తో భాగిస్తే 0.83 వస్తుంది, పుస్తకం దాన్ని సుమారుగా తీసుకుంది. గుచ్ఛగాలనం (మూత్రపిండాల్లో రక్తం వడపోత) నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 1440 నిమిషాలు, కాబట్టి 180 లీటర్లు. బయటకు పోయేది సుమారు 1.5 లీటర్లు, మిగిలిన 99 శాతం తిరిగి పీల్చుకోబడుతుంది. ఊపిరితిత్తుల ఘనపరిమాణాల్లో గుర్తుంచుకోవాల్సింది అవశేష గాలి ఒక్కటే. బలవంతంగా వదిలినా అది లోపలే ఉంటుంది కాబట్టి స్పైరోమీటర్ దాన్ని కొలవలేదు. అవశేష గాలి కలిసిన ఏ మొత్తాన్నైనా ఆ పరికరం నేరుగా ఇవ్వలేదు.

మనిషి కణంలోని డీఎన్‌ఏ పొడవు 2.2 మీటర్లు అన్నది ద్వయస్థితిక కణానికి. 660 కోట్ల క్షార జతలను 0.34 నానోమీటర్లతో గుణిస్తే అది వస్తుంది. శుక్రకణం గురించి అడిగితే సగం. ఏ, టీ సమానం, జీ, సీ సమానం అన్న చార్గాఫ్ నియమం రెండు పోగుల డీఎన్‌ఏకే. ఏక పోగు డీఎన్‌ఏ ఉండే ఫై-ఎక్స్-174 వైరస్‌కు దాన్ని అన్వయించి శాతాలు కడితే జవాబు తప్పుతుంది.

## తెలియని ప్రశ్నను వదలాలా, పెట్టాలా?

షరతు సగం తెలిసిన ప్రశ్న దగ్గర అభ్యర్థి చేసే లెక్క మరొకటి ఉంది. నీట్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. నాలుగు ఎంపికల్లో ఏదీ తెలియకుండా గుర్తిస్తే సగటు లాభం పావు మార్కు. లాభమే కదా అనిపిస్తుంది. అయితే అది సగటు మాత్రమే. అలా గుడ్డిగా పది ప్రశ్నలు పెడితే సరైనవి రెండు లేదా అంతకంటే తక్కువ కావడానికి 53 శాతం అవకాశం ఉంది, అంటే లాభం సున్నా, లేదంటే నష్టం. ఒక ఎంపికను కచ్చితంగా కొట్టేయగలిగితే సగటు 0.67కు, రెండింటిని కొట్టేయగలిగితే 1.5కు పెరుగుతుంది. 38 ఉన్న ప్రశ్నలో గ్లైకాలసిస్ నికర లాభమైన 2, కిణ్వనానికి సంబంధించిన అంకెలు ముందే తీసేయదగినవి. ఆ మాత్రం తెలిసినవారికి ప్రశ్నను వదిలేయడమే నష్టం.

ఈఏపీసెట్‌లో రుణాత్మక మార్కులు లేవు, అక్కడ ఏ ప్రశ్నా వదలకూడదు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకుకు ఇంటర్ మార్కుల్లో 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో దాన్ని తీసేశారు. ఒకే రకం సన్నద్ధతతో రెండు రాష్ట్రాల పరీక్షలూ రాసేవారు ఈ తేడా గమనించుకోవాలి.

నీట్ ఓఎంఆర్ పత్రం మీద జరుగుతుంది, నింపిన వృత్తాన్ని మార్చుకునే వీలు లేదు. సగటున ప్రశ్నకు ఒక్క నిమిషమే ఉన్న పరీక్షలో పుచ్చకాయ అంకురచ్ఛదం, హార్డీ-వీన్‌బర్గ్ లాంటి ప్రశ్నలు నిమిషంన్నర, రెండు నిమిషాలు తింటాయి. వాటికి గుర్తు పెట్టుకుని మొదటి విడతలో నేరుగా తెలిసినవి ముగించి, రెండో విడతలో ప్రశ్నను మళ్లీ చదవాలి. దశ ఏది, హారం ఏది, నికరమా మొత్తమా అన్నవాటిని ప్రశ్నపత్రం మీదే గీతతో గుర్తించుకున్నాకే వృత్తం నింపడం మేలు.